మూడ్ కుదుటపడింది, మరి ధ్యాస ఎందుకు నిలవట్లేదు?

“నిద్ర పడుతోందా?” “పడుతోందండీ.” “చిరాకు, అతి ఉత్సాహం లాంటివేమైనా?” “లేవండీ.” “దిగులు?” “మునుపంత లేదు.” ఐదు నిమిషాల్లో అయిపోతుంది. మందుల చీటీ చేతికొస్తుంది. పేషెంట్ లేచి తలుపు దాకా వెళ్ళి ఆగుతాడు. “డాక్టర్‌గారూ, ఏది చదివినా బుర్రకెక్కట్లేదండీ. ఆఫీసులో ఒక్కో మెయిల్ నాలుగేసి సార్లు చదవాల్సి వస్తోంది.” “మెల్లగా సర్దుకుంటుంది లెండి.” తలుపు మూసుకుంటుంది.

బైపోలార్ డిజార్డర్‌తో, అంటే అతి ఉత్సాహం పొంగే మేనియా, కుంగదీసే డిప్రెషన్ దశలుగా వచ్చిపోయే జబ్బుతో, బతుకుతున్న చాలామందికి ఈ తలుపు దగ్గరి మాట తెలుసు. మేనియా తగ్గింది, డిప్రెషన్ తగ్గింది, ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఆ మనిషికి మాత్రం తన తల తనది కానట్టే ఉంటుంది. తెలిసిన మాట నాలుక చివర ఆగిపోతుంది. గదిలోకి ఎందుకొచ్చాడో గుర్తుండదు. నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరిదీ అందదు. బయటికి చెప్తే “అంతా బాగయింది కదా, ఇంకేంటి?” అంటారని చెప్పడం మానేస్తాడు. నా ఉద్దేశంలో ఇది కుర్చీలో కూర్చున్న వెంటనే చెప్పాల్సిన మాట. దీని వెనక ఒక్క కారణం ఉండదు, ఐదారు పెనవేసుకుని ఉంటాయి. వాటిలో కొన్ని ఒక రక్తపరీక్షతో బయటపడేవి, కొన్ని మందు వేసుకునే వేళ మారిస్తే తగ్గేవి.

ఇన్నాళ్ళూ దీన్ని ఎందుకు పట్టించుకోలేదన్నదానికి ఒక చరిత్ర ఉంది. 1899లో జర్మన్ సైకియాట్రిస్ట్ ఎమిల్ క్రేపెలిన్ తన పాఠ్యపుస్తకం ఆరో కూర్పులో తీవ్రమైన మానసిక వ్యాధుల్ని రెండు పాయలుగా విడదీశాడు. ఆలోచనాశక్తి క్రమంగా క్షీణించేది ఒకటి. దాన్నే తర్వాత స్కిజోఫ్రెనియా అన్నారు. మేనియా, డిప్రెషన్ వచ్చి పోతూ, మధ్యలో మనిషి తేరుకునేది రెండోది. ఆ విభజన వైద్యానికి ఎంతో ఉపయోగపడింది. కానీ దాంతోపాటే, ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ మధ్య, అంటే అలా వచ్చి పోయే విడతల మధ్య, మనిషి పూర్తిగా మామూలుగా ఉంటాడన్న నమ్మకం కూడా పాతుకుపోయింది. దాదాపు వందేళ్ళ పాటు ఆ మధ్యకాలాన్ని కొలిచి చూసినవాళ్ళు తక్కువ. 2000 తర్వాత వరసగా వచ్చిన సమీక్షలు, పాత అధ్యయనాల లెక్కలన్నీ కలిపి చూసి, మూడ్ నిలకడగా ఉన్న రోజుల్లో కూడా ధ్యాస, విన్న మాటల్ని గుర్తుపెట్టుకోవడం, ఆలోచనా వేగం, పనుల్ని వరసలో పెట్టుకునే శక్తి సగటున కొంత తక్కువగా ఉంటున్నాయని తేల్చాయి.

ఆ “సగటున” అన్న మాటను మాత్రం జాగ్రత్తగా చదవాలి. మూడ్ నిలకడగా ఉన్నవాళ్ళను పరీక్షించి, ఫలితాలను బట్టి గుంపులుగా విడదీస్తే మూడు రకాలు కనిపిస్తాయి. కొందరిలో ఏ లోటూ ఉండదు. కొందరికి ఒకటి రెండు విషయాల్లోనే ఇబ్బంది. ఇంకొందరికి చాలావాటిలో. అందుకని బైపోలార్ అని పేరు పడగానే మతిమరుపు తప్పదని భయపడనక్కర్లేదు. అలాగని ఇబ్బంది ఉన్నవాళ్ళది అపోహ అనీ కొట్టిపారేయకూడదు.

ధ్యాస అని ఒకే మాటగా అంటాం గానీ అందులో చాలా పనులున్నాయి. ఒకే దాని మీద ఎక్కువసేపు నిలబడటం ఒకటి. అక్కర్లేనివాటిని బయటే ఆపడం ఒకటి. ఒక పని నుంచి ఇంకో పనికి మళ్ళి, మళ్ళీ మొదటిదాన్ని అందుకోవడం ఒకటి. విన్నదాన్ని కాసేపు తలలో పట్టుకుని దానితో ఏదో చెయ్యడం ఇంకొకటి, దాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. ఐదంకెలు చెప్పి, వెనకనుంచి చెప్పమంటే మనం వాడేది దాన్నే. నిలబడే ధ్యాసను కొలవడానికి స్క్రీన్ మీద ఒక్కో అక్షరం చూపిస్తూ, ఫలానా అక్షరం వచ్చినప్పుడే బటన్ నొక్కమంటారు. పదీ పదిహేను నిమిషాలు సాగే ఈ పరీక్ష వినడానికి తేలికే. బైపోలార్ ఉన్న కొందరు మొదట్లో బాగానే చేసి, నిమిషాలు గడిచేకొద్దీ జారిపోతారు. మీటింగ్‌లో మొదటి పావుగంట బాగా విని, తర్వాతదంతా పొగలా అనిపించిందని చెప్పేది ఇదే.

జ్ఞాపకం సంగతి కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఇళ్ళలో గొడవలన్నీ దీని చుట్టూనే. ఈ పరీక్షలో డాక్టర్ ఒక పదహారు మాటల జాబితా చదువుతారు. సుత్తి, చొక్కా, పిచ్చుక, వయొలిన్, రంపం, కాకి, కోటు, డోలు... ఇలా కలగాపులగంగా. వినగానే గుర్తున్నవి చెప్పమంటారు. అదే జాబితా మళ్ళీ చదువుతారు, మళ్ళీ అడుగుతారు, అలా ఐదుసార్లు. ఇబ్బంది లేనివాళ్ళ బుర్ర రెండో మూడో సారికి తనంతట తానే సర్దుకుంటుంది. పనిముట్లు ఒకచోట, పక్షులు ఒకచోట, బట్టలు ఒకచోట, వాయిద్యాలు ఒకచోట. మాటలు గంపలకొద్దీ బయటికొస్తాయి. బైపోలార్‌లో ఇబ్బంది పడేవాళ్ళు చాలామంది ఈ సర్దుడు చెయ్యరు. విన్న వరసలోనే విడివిడిగా పట్టుకోబోతే సగం జారిపోతాయి. తర్వాత “ఈ జాబితాలో పిచ్చుక ఉందా?” అని సూటిగా అడిగితే మాత్రం చాలామటుకు సరిగ్గానే చెప్తారు. అంటే లోపలికి వెళ్ళింది చెరిగిపోవట్లేదు. వెళ్ళే దారిలోనే, వరస లేక, ధ్యాస చాలక ఆగిపోతోంది.

ఇది తెలిస్తే ఇంట్లో జరిగేదాని అర్థం మారిపోతుంది. అక్క తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ చెప్తుంది: “ఒరే, రేపు పదింటికల్లా బ్యాంకుకి వెళ్ళాలి, నీలం ఫైలు తీసి పెట్టు, నాన్న సంతకం చేయించు, అన్నట్టు ఆ ప్లంబర్‌కి కూడా ఒకసారి ఫోన్ చెయ్యి.” తమ్ముడు ఫోన్ చూస్తూ “సరే అక్కా” అంటాడు. పొద్దున ఫైలు లేదు, సంతకం లేదు. “చెప్పాను కదరా! ఊఁ అన్నావు కూడా!” అని అక్క. “నాకు చెప్పలేదు” అని తమ్ముడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఆమె చెప్పింది. అతని లోపలికి అది చేరలేదు. దీనికి “నీకు లెక్క లేదు” అనే పేరు పెడితే గాయం మిగులుతుంది. అదే అక్క అతని ఎదురుగా నిలబడి, ఒక్కో విషయం చెప్తూ, అతను అక్కడికక్కడే రాసుకునేదాకా ఆగితే చాలాసార్లు పని జరుగుతుంది.

ఇక కారణాల సంగతి. మూడ్ ఒక్కో దశలో ధ్యాసను ఒక్కోలా పాడుచేస్తుంది. మేనియాలో తలుపులన్నీ తెరిచి పెట్టినట్టు ఉంటుంది. గోడ మీది గీత, పక్కింటి మాట, తన తలలోని పది ఆలోచనలు, అన్నీ సమానంగా లోపలికొస్తాయి. ధ్యాస ఇట్టే చెదిరిపోవడం మేనియాను గుర్తించే అధికారిక లక్షణాల్లో ఒకటి. డిప్రెషన్‌లో దీనికి విరుద్ధం. ఆలోచన బురదలో నడిచినట్టు సాగుతుంది, ఉన్న కొద్దిపాటి ధ్యాసనూ “నా వల్లే ఇదంతా” లాంటి తలపులు ఆక్రమించుకుంటాయి. చదువుతున్న పేజీకి మిగిలేది ఏమీ ఉండదు.

డిప్రెషన్ తగ్గిందన్నప్పుడు నిజంగా ఎంత తగ్గిందన్నది అసలు ప్రశ్న. అమెరికాలో బైపోలార్ ఒకటో రకం (పూర్తిస్థాయి మేనియా వచ్చేది) ఉన్నవాళ్ళను సగటున 12 ఏళ్ళకు పైగా వారం వారం లెక్కగట్టి, 2002లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం వారాల్లో దాదాపు సగం వారాలు ఏదో ఒక లక్షణం వాళ్ళను అంటిపెట్టుకునే ఉంది. మూడో వంతుకు దగ్గరగా డిప్రెషన్ వారాలే. వాటిలో చాలావరకు పైకి కనిపించని, మంచాన పడేయని, సన్నటి దిగులు. ఆఫీసుకు వెళ్తాడు, నవ్వుతాడు, కానీ ఏదీ రుచించదు. ఆ సన్నటి దిగులే ధ్యాసను కొరికేస్తూ ఉంటుంది. దానికి వైద్యం చేస్తే “బుర్ర పనిచెయ్యట్లేదు” అన్న బాధలో కొంత దానంతట అదే తగ్గుతుంది. నిద్ర కూడా అంతే. బైపోలార్‌లో శరీర గడియారమే తేలిగ్గా గతి తప్పుతుంది. ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా, పడుకునే వేళ రోజుకొకటైతే పగటి ధ్యాస కుదరదు. గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉంటే అది వేరే చూపించుకోవాలి. బరువు పెరిగినవాళ్ళలో ఇది ఎక్కువ, కొన్ని మందులతో బరువు పెరగడం మామూలే. షుగర్, బీపీ కూడా ఆలోచన మీద తమ బరువు మోపుతాయి.

ఇప్పుడు అందరూ మొదట అనుమానించేదానికి వద్దాం: మందులు.

లిథియం మేనియాను తగ్గిస్తుందని 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ ప్రచురించాడు. ఇప్పటికీ ఎపిసోడ్లు తిరిగి రాకుండా ఆపడంలో దాని స్థానం దానిదే. దాన్ని వాడే కొందరు “మొద్దుబారినట్టుంది, ఆలోచనలో మెరుపు పోయింది” అంటారు. పరీక్షల్లో కనిపించే తేడా సాధారణంగా చిన్నదే, అదీ ఎక్కువగా వేగంలోనూ మాటల జ్ఞాపకంలోనూ. అయితే లిథియం థైరాయిడ్‌ను మందగింపజేయగలదు. థైరాయిడ్ తగ్గితే నీరసం, మతిమరుపు, మందకొడితనం వస్తాయి. అది అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. థైరాయిడ్ పనితీరు చూపించే టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది. తెలియకపోతే ఏళ్ళ తరబడి మనిషి తన్ను తానే తిట్టుకుంటూ ఉంటాడు. నేను ఈ ఒక్క పరీక్ష గురించి ఎక్కువ పట్టుబడతాను, ఎందుకంటే ఇంత తేలిగ్గా తీరే కారణం ఇంకోటి లేదు.

లిథియం మోతాదు రక్తంలో హద్దు దాటితే సంగతి వేరు. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, తికమకపడటం కనిపిస్తే అది ధ్యాస సమస్య కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాల్సిన పరిస్థితి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్నప్పుడు ఇది జరగొచ్చు.

మూడ్‌ను నిలకడగా ఉంచడానికి ఇచ్చే ఇంకో మందు వాల్‌ప్రోయేట్ కొందరిలో రక్తంలో అమ్మోనియా పెంచి మగత, గందరగోళం తెస్తుంది. టోపిరమేట్ అనే మూర్ఛ మందు వాడేవాళ్ళు మాటల కోసం వెతుక్కోవడం డాక్టర్లందరికీ తెలిసిందే. మేనియాను అణచడానికి ఇచ్చే, రాత్రి వేసుకునే కొన్ని యాంటీసైకోటిక్ మాత్రల మత్తు మర్నాడు పదకొండింటి దాకా వదలదు. అలాంటప్పుడు రాత్రి రెండు గంటలు ముందే వేసుకున్నా తేడా తెలుస్తుంది. టెన్షన్‌కి, నిద్రకి ఇచ్చే బెంజోడయాజపైన్ మాత్రలు కొత్త విషయం మనసులో నాటుకోవడాన్నే దెబ్బతీస్తాయి. చేతుల వణుకు, బిగుతు తగ్గించడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ కూడా జ్ఞాపకాన్ని మందగింపజేస్తుంది. అవసరం తీరిపోయినా చీటీలో అలాగే కొనసాగుతుంటుంది, అడిగేవాళ్ళు ఉండరు.

ఇదంతా చదివి రేపటినుంచి మాత్రలు ఆపేద్దామనిపిస్తే దయచేసి ఆగండి. లిథియంను ఒక్కసారిగా ఆపినవాళ్ళలో మేనియా తొందరగా తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. ఒక్క ఎపిసోడ్ బతుకుకు చేసే చెరుపు ముందు మాత్రల మందకొడితనం చాలా చిన్నది. ఎక్కువ ఎపిసోడ్లు వచ్చినవాళ్ళకు పరీక్షల్లో మార్కులు తక్కువగా రావడం చాలా అధ్యయనాల్లో కనిపించింది. ఎపిసోడ్ల వల్ల ఆలోచన తగ్గిందా, లేక మొదటినుంచీ వ్యాధి బలంగా ఉన్నవాళ్ళకే రెండూ ఎక్కువా అన్నది ఇంకా తేలని వాదన. కొంత ఊరట ఏమిటంటే, ఒకే మనుషులను కొన్నేళ్ళ పాటు మళ్ళీ మళ్ళీ పరీక్షించినప్పుడు, ఎక్కువమందిలో ఆలోచనాశక్తి ఏటికేడాది దిగజారుతూ పోవట్లేదు. ఉన్నచోటే ఉంటోంది.

మందులు, నిద్ర, దిగులు అన్నీ తీసేసినా కొందరిలో కొంత మిగులుతుంది. అది వ్యాధి తాలూకుదే. మెదడులో ఒక్క చోటును చూపించి ఇదిగో ఇక్కడ అనలేం. నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ధ్యాసను నడిపిస్తుంది, పొంగే భావాలకు కళ్ళెం వేస్తుంది. లోపల అమిగ్డలా లాంటి భాగాలు భయాన్నీ ఆశనూ పసిగడతాయి. బైపోలార్‌లో ఈ రెంటి మధ్య రాకపోకలు సరిగా ఉండవని స్కాన్‌లు సూచిస్తున్నాయి. భావోద్వేగాన్ని అదుపులో పెట్టడానికే ఎక్కువ శ్రమ పోతే లెక్కకో ఉత్తరానికో మిగిలేది తక్కువ. బాస్ కాస్త కటువుగా మాట్లాడిన రోజున రెండు గంటల పాటు ఏ పనీ సాగకపోవడం చాలామందికి అనుభవమే.

కొందరికి ఏడీహెచ్‌డీ, అంటే చిన్నప్పటినుంచే ధ్యాస నిలవని, కుదురుండని సమస్య కూడా తోడుంటుంది. 2021లో ప్రచురించిన ఒక సమీక్ష లెక్క ప్రకారం బైపోలార్ ఉన్న పెద్దవాళ్ళలో ఇంచుమించు ఆరుగురిలో ఒకరికి ఏడీహెచ్‌డీ ఉంది. రెంటినీ విడదీసేది కాలక్రమం. ఏడీహెచ్‌డీ లక్షణాలు పన్నెండేళ్ళలోపే మొదలై, రోజూ ఒకేలా ఉంటాయి. బైపోలార్‌లో ధ్యాస మూడ్‌తోపాటు ఎక్కి దిగుతుంది. చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు, టీచర్లు అన్న మాటలు, అమ్మ జ్ఞాపకాలు ఇక్కడ స్కాన్‌ల కన్నా ఎక్కువ ఉపయోగపడతాయి. వైద్యంలో వరస తప్పకూడదు, ముందు మూడ్ స్థిరపడాలి. స్వీడన్‌లో చేసిన అధ్యయనంలో, మూడ్ స్టెబిలైజర్ (లిథియం లాంటి, మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) లేకుండా, ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ ఒక్కటే మొదలుపెట్టినవాళ్ళలో మేనియా ముప్పు పెరిగింది. స్టెబిలైజర్ తోడున్నవాళ్ళలో పెరగలేదు.

నన్ను బాగా ఆలోచింపజేసిన స్వీడన్ అధ్యయనం ఇంకోటుంది. 7 లక్షలకు పైగా విద్యార్థుల స్కూలు మార్కుల్ని, తర్వాత వాళ్ళు ఆస్పత్రుల్లో చేరిన రికార్డులతో కలిపి చూశారు. 2010లో వచ్చిన ఫలితం ప్రకారం, సగటు మార్కుల వాళ్ళకన్నా అత్యున్నత మార్కులు వచ్చినవాళ్ళకు తర్వాత బైపోలార్ వచ్చే అవకాశం దాదాపు నాలుగు రెట్లు. అంటే ఈ వ్యాధి తెలివితక్కువవాళ్ళదన్న మాట పచ్చి అబద్ధం. దీన్నుంచి ఇంకో విషయం తడుతుంది. క్లాసులో ఫస్టు వచ్చే మనిషి తన స్థాయి నుంచి రెండు మెట్లు కిందికి దిగితే, పరీక్షలో వచ్చేది “నార్మల్” అన్న ఫలితమే. పరీక్ష ఆమెను లోకంలోని సగటుతో పోలుస్తుంది, నిన్నటి ఆమెతో కాదు. రిపోర్ట్ బాగుందంటే ఆమెకు ఓదార్పు దొరకదు, తను పోగొట్టుకున్నదేంటో తనకు తెలుసు. ఇంకోవైపు, పరీక్షలో తడబడేవాళ్ళలో కొందరు తమకే ఇబ్బందీ లేదంటారు, దిగులుగా ఉన్నవాళ్ళు ఉన్నదానికన్నా ఎక్కువ చెప్తారు. అందుకే పేషెంట్ మాట, పరీక్ష, ఇంట్లోవాళ్ళ మాట మూడూ కావాలి.

దీనికి బిళ్ళ ఉందా అంటే, ఈ పని కోసమే ఆమోదం పొందిన మందు లేదు. కానీ బార్సిలోనా పరిశోధకులు రూపొందించిన ఒక శిక్షణ ఉంది. స్పెయిన్‌లో పది చోట్ల 239 మందితో పరీక్షించి 2013లో ఫలితాలు ఇచ్చారు. వారానికొక గంటన్నర చొప్పున 21 వారాలు. ధ్యాసను, జ్ఞాపకాన్ని, రోజువారీ పనుల్ని ఎలా నడుపుకోవాలో గుంపుగా కూర్చుని సాధన చేస్తారు. ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది ఒక తిరకాసు: మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్ళతో పోలిస్తే, ఆలోచనా పరీక్షల మార్కుల్లో పెద్ద తేడా రాలేదు. మారింది బతుకు. పని చెయ్యడం, నలుగురితో కలవడం, తన పనులు తను చేసుకోవడం మెరుగయ్యాయి. అంటే వర్కింగ్ మెమరీ పెరగలేదు, దాని మీద భారం తగ్గించడం వచ్చింది.

భారం తగ్గించడం అంటే చాలా మామూలు పనులే. తాళంచెవులకు ఒకటే కొక్కెం. తలలో పెట్టుకోవాల్సిన ప్రతిదానికీ ఒకటే నోటుబుక్కు, ఐదు చీటీలు కాదు. పెద్ద మెయిల్ వస్తే ఒక్కో పేరా చదివి, దాని సారం ఒక్క వాక్యంలో పక్కన రాసుకుని, అప్పుడే తర్వాతి పేరాకి వెళ్ళడం. తల తేటగా ఉండే గంటలు ఏవో వారంపాటు గమనించి, కష్టమైన పని అప్పుడే పెట్టుకోవడం. ఎవరైనా నాలుగు విషయాలు ఒకేసారి చెప్తుంటే “ఒక్క నిమిషం, రాసుకుంటాను” అనడం. అది అనడానికి చాలామందికి సిగ్గు. కళ్ళజోడు పెట్టుకోవడానికి మనం సిగ్గుపడం కదా. ఉద్యోగంలో తిరిగి చేరేవాళ్ళు వీలైతే మొదట్లో తక్కువ గంటలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. మొదటి వారమే పాత వేగం రాలేదని రాజీనామా రాసేవాళ్ళున్నారు, ఎపిసోడ్ తగ్గాక కూడా ధ్యాస నెలల తరబడి మెల్లగా తేరుకుంటుందని వాళ్ళకు ముందే ఎవరూ చెప్పి ఉండరు.

ఇక ఆ డాక్టర్ గది. ఈసారి వెళ్ళేముందు రెండు వారాలు కాగితం మీద రాసుకోండి, వెళ్ళగానే మొదట అదే చేతికివ్వండి. “బుర్ర పనిచెయ్యట్లేదు” అని చెప్తే డాక్టర్ చేయగలిగింది తక్కువ. కాగితం ఇలా ఉంటే చాలా చెయ్యొచ్చు: “రాత్రి పదిన్నరకి మాత్రలు. పొద్దున పదకొండు దాకా మగత, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా బాగుంటుంది. ఇబ్బంది మొదలైంది కొత్త మాత్ర వేసిన నెలకి. ఎపిసోడ్‌కి ముందు రోజుకి నలభై పేజీలు చదివేదాన్ని, ఇప్పుడు నాలుగు. మాటలు గుర్తురావడం కష్టం, దారులు మాత్రం మర్చిపోవట్లేదు. దిగులు పదికి మూడు. థైరాయిడ్ చూసి ఏడాదిన్నర అయింది.”